ఖాళీగా వదిలిన పేజీ

రెండు వందల పేజీల ఒక పొడవాటి నోటుపుస్తకం మూడేళ్ళపాటు మా ఇంట ఉంది. అది మేము కొన్నది కాదు. ఒక పాత కారుతో పాటు మా చేతికి వచ్చింది, ఆ కారుతో పాటే వెళ్ళిపోయింది. ఈ వ్యాసం ఆ కారు గురించి, ఆ పుస్తకంలో మేము ఎనిమిది నెలలపాటు ఖాళీగా వదిలిన ఒక పేజీ గురించి.

మదరసాలో పాఠాలు చెప్పుకునేవారికి కారు ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాము. కానీ మా అమ్మీజాన్ చల్లపల్లి దగ్గరి మా స్వగ్రామంలో ఉండేవారు. ఎనభై దాటిన వయస్సు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వైద్యానికి ఆమెను విజయవాడ తీసుకురావాలంటే బస్సు మెట్లు ఎక్కలేరు. బంధువుల చిన్న కారులో కూర్చోబెడితే గోతిలోకి దిగినట్లు కూలబడేవారు, లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. కొంచెం ఎత్తుగా ఉండే కారు అయితే వంగకుండా ఎక్కి, నడుము నిలబెట్టి దిగవచ్చునని వైద్యులే చెప్పారు. అంత ఎత్తున్న కొత్త కారు మా స్తోమతకు అందదు. అందుచేత సెకండ్ హ్యాండ్ వెదకడం మొదలుపెట్టాము.

అమ్మకందారు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఫైనాన్స్ ఎంత పెట్టమంటారు? వద్దనగానే ముఖంలో ఉత్సాహం సగం తగ్గేది. వడ్డీ జోలికి పోకూడదన్న నిర్ణయం మాది. అబ్బాజాన్ వదిలి వెళ్ళిన కొద్దిపాటి నేల అమ్మగా వచ్చిన సొమ్ము చేతిలో ఉంది. తక్కువైన మూడు లక్షలు బందరులోని మా బావమరిది ఖర్జె హసనాగా ఇచ్చాడు. ఎప్పటిలోగా తీర్చాలని అడగలేదు. అడగలేదు కనుకనే ఆ బాకీ మాకు మరింత బరువుగా ఉండేది.

2022 బక్రీదు వెళ్ళిన తరువాత పటమట వైపు నివసించే ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి తన కారు అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాము. 2017 నాటి మారుతి విటారా బ్రెజా, డీజిలు, ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న రకం. నంబరు ఇంకా ఏపీ 16తో మొదలయ్యే పాత కృష్ణా జిల్లా నంబరు. 58 వేల కిలోమీటర్లు తిరిగింది. మేము అడగకముందే ఆయన ఇలా చెప్పారు: “సాయిబు గారూ, ముందు అద్దం ఒకసారి పగిలితే మార్పించాను. ఎడమ వెనుక తలుపుకు సొట్ట తీయించి రంగు వేయించాను. క్లచ్చి ఇంకో ఇరవై వేల కిలోమీటర్లకు మించి రాదు. దానికి పదిహేను వేలు నేనే తగ్గించుకుంటాను.” ఆ తరువాత లోపలికి వెళ్ళి ఈ నోటుపుస్తకం తెచ్చారు. బండి కొన్న రోజు నుంచి ప్రతి ఆయిలు మార్పు, ప్రతి టైరు, ప్రతి బ్యాటరీ అందులో ఉన్నాయి. తేదీ, కిలోమీటరు, ఖర్చు, పక్కన చిన్న సంతకం. 2020 వేసవి దగ్గర, లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు బండి తీయలేదనీ బ్యాటరీ చచ్చిపోయిందనీ, తప్పు తనదేననీ వ్రాసుకున్నారు. తన బండి పుస్తకంలో తన తప్పు తానే వ్రాసుకున్న మనిషిని చూడడం మాకు అదే మొదలు. తాళాలు ఇచ్చే ముందు డాష్‌బోర్డు మీది వేంకటేశ్వరస్వామి ప్రతిమను కళ్ళకద్దుకుని తీసి జేబులో పెట్టుకున్నారు. మేము పక్కకు తిరిగి నిలుచున్నాము. ఆరు లక్షల అరవై వేలకు బేరం కుదిరింది. ఫారం 29, ఫారం 30 సంతకాలు అయ్యాయి. ఆయన పేరున ఉన్న బీమాను పద్నాలుగు రోజుల్లోగా మా పేరుకు మార్పించుకోవాలని కూడా ఆయనే గుర్తు చేశారు.

బండి మంచిది. నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ పొడవు. నాలుగు మీటర్లు మించని చిన్న ఇంజను కార్లకు పన్ను తక్కువ కనుక మన దేశంలో ఈ రకం బండ్లన్నీ ఆ గీత లోపలే ఒదుగుతాయి. ఇంజను 1248 సీసీ. ఫియట్ వారు రూపొందించినదే ఇక్కడ తయారై స్విఫ్టు మొదలు ఎన్నో కార్లలో తిరిగింది, అందుచేత మన ఆటోనగర్‌లో దాన్ని విప్పనివారు లేరు. నేల నుంచి 198 మిల్లీమీటర్ల ఎత్తు. ఈ అంకె విలువ డెల్టాలో తిరిగేవారికే తెలుస్తుంది. నల్లరేగడి మీద వేసిన రోడ్డు ఏ వానకు ఎక్కడ కుంగుతుందో చెప్పలేము. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, ఎవరూ తొక్కకుండా అంచున రాళ్ళు పేర్చి ఉంటారు. ఉయ్యూరు దగ్గర చెరకు లారీల నుంచి గడలు జారిపడి ఉంటాయి. కంకిపాడు, పామర్రు, కూచిపూడి మీదుగా మా ఊరు చేరేసరికి లీటరుకు పందొమ్మిది కిలోమీటర్లు వచ్చేది. బెజవాడ ఊరిలో మాత్రం పదిహేను. ట్యాంకులో 48 లీటర్లు పడుతుంది కనుక ఒకసారి నింపితే నెల గడిచేది. తక్కువ వేగంలో టర్బో అందుకునేదాకా కొంచెం ఓపిక పట్టాలి, అంతే.

అమ్మీజాన్ దాన్ని ‘మంచం బండి’ అనేవారు. ఎక్కేటప్పుడు మంచం మీద కూర్చున్నట్లే ఉండేదట. 2024 రంజాన్ నెలలో ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. చివరి ఆసుపత్రి ప్రయాణం కూడా అందులోనే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 2023లో బీమా కొనసాగించేటప్పుడు చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే తీసుకున్నాము. మన బండికి జరిగే నష్టానికి వర్తించే భాగం వదిలేశాము. వాణిజ్య బీమా విషయంలో ఉలమాలలో అనేకులకు ఉన్న అభ్యంతరం మాకూ ఉంది, చట్టం బలవంతపెట్టినంతవరకే చాలునని మా అభిప్రాయం. అయితే ఆ రోజు ఏడాదికి తొమ్మిది వేలు మిగులుతాయన్న లెక్క కూడా మనస్సులో ఉంది. రెండింటిలో ఏది ఎంత పాలో అల్లాహ్‌కే ఎరుక.

2024 ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. మా ఇల్లు అజిత్‌సింగ్ నగర్‌లో. సెప్టెంబరు 1 ఆదివారం ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి వీధిలో పాదాలు తడిసే నీరు. మధ్యాహ్నానికి నడుము దాటింది. బుడమేరు గట్లు తెగాయని అప్పటికి మాకు తెలియదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఆ వాగును బెజవాడ దుఃఖదాయని అంటారని చిన్నప్పటి నుంచి వింటున్నాము, ఇంటి ముందు చూడడం అదే మొదలు. మరునాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు సముద్రానికి పోయాయి. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ లేదు. మేము పై అంతస్తు పొరుగువారింట ఐదు రాత్రులు గడిపాము. వారి పూజగది పక్కనున్న చిన్న గది మాకు నమాజుకు ఇచ్చారు. డ్రోన్లు ఆహారం పొట్లాలు మేడల మీద దించి వెళ్ళేవి. పిల్లలు ఆకలి మరచి చప్పట్లు కొట్టేవారు. కింద మా బండి స్టీరింగ్ అడుగు దాకా మునిగి, పైకప్పు మాత్రం పడవలా కనిపించేది.

నీరు తీసిన తరువాత చాలామంది చేసిన పొరపాటు ఏమిటంటే, బండి పనిచేస్తుందో లేదో చూద్దామని తాళం తిప్పడం. సిలిండర్లలో నీరు ఉన్నప్పుడు తిప్పితే, నీరు గాలిలాగా అణగదు కనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి. మేము ఆ పని చేయలేదు. బ్యాటరీ తీగ విప్పి, తాళ్ళతో లాగించుకుని ఆటోనగర్ చేర్చాము. అక్కడ అప్పటికే బండ్ల బారు ఎంతో దూరం ఉంది. మూడు వారాల తరువాత మా వంతు వచ్చింది. ఇంజను ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, ట్యాంకులోని డీజిలు అంతా దింపేశారు. స్టార్టరు, ఆల్టర్నేటరు, కార్పెట్టు మార్చారు. సీట్లు విప్పి ఎండబెట్టారు. వైరింగు జాయింట్లు ఒక్కొక్కటీ తుడిచారు. లక్షా ముప్పై ఐదు వేలు అయింది. అక్కడికి చేతిలో డబ్బు అయిపోయింది.

ఒక్కటి మిగిలింది. ఎయిర్‌బ్యాగులను నడిపే చిన్న పెట్టె గేరు కర్ర దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. అందరికంటే ముందు మునిగేది అదే. అది చెడిపోయింది. డాష్‌బోర్డులో ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. పెట్టె, దాని వైరింగు కలిపి నలభై వేలు అవుతుందన్నారు. తరువాత చూద్దామన్నాము. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఈ కారును ఢీకొట్టించి పరీక్షించి నాలుగు నక్షత్రాలు ఇచ్చిందని ఎంతో గర్వంగా అందరికీ చెప్పేవాళ్ళము. ఆ నక్షత్రాలు వచ్చింది రెండు ఎయిర్‌బ్యాగులున్న బండికి. ఎర్రదీపం వెలుగుతున్న బండికి కాదు.

నోటుపుస్తకం ఇంట్లో అటక మీద ఉండి తడవలేదు. ఆ రెండేళ్ళూ మేము కూడా బ్యాంకు ఉద్యోగి గారి పద్ధతిలోనే వ్రాస్తూ వచ్చాము. క్లచ్చి ఆయన చెప్పిన చోటనే, 79 వేల దగ్గర, పోయింది. అదీ వ్రాశాము. కానీ వరద తరువాత ఒక పేజీ ఖాళీగా వదిలి, దాని తరువాతి పేజీలో 2025 జనవరి ఆయిలు మార్పు వ్రాశాము. బిల్లులన్నీ ఒకచోట చేర్చి తీరికగా వ్రాద్దామని ఆ రోజు మాకు మేము చెప్పుకున్నాము. తీరిక లేకపోవడం నిజం కాదు.

2025 మే నెలలో బావమరిదికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. అతడు మమ్మల్ని ఏమీ అడగలేదు. అతని భార్య మా ఇంట్లో వాళ్ళతో ఫోనులో మాట్లాడుతూ, డబ్బు ఎక్కడెక్కడ అడుగుతున్నారో చెప్పింది. మేము అప్పటికి అరవై వేలు మాత్రమే తీర్చాము. బండి అమ్మాలని ఆ రాత్రే నిర్ణయమైంది.

బ్రోకరు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. సీటు బెల్టును చివరిదాకా లాగాడు. రోజూ మన చేతికి రాని ఆ చివరి జానెడు మీద వరద తన గీత గీసి పోతుంది. మా ఇంట్లో వాళ్ళు సబ్బుతో ఎన్నిసార్లు ఉతికినా లేత గోధుమ రంగు గీత పోలేదు. తరువాత సీటు కింది పట్టాల తుప్పు చూశాడు, స్టెప్నీ పెట్టే గుంటలో చేయి పెట్టాడు, ఫ్యూజు పెట్టె మూత తీశాడు, హెడ్‌లైటు లోపల తేమ చూశాడు. (సెకండ్ హ్యాండ్ కారు కొనబోయే సోదరులు ఈ ఐదు చోట్లూ తప్పక చూడండి. కొత్త కార్పెట్టునూ లోపల కొట్టిన అత్తరు వాసననూ చూసి మురిసిపోవద్దు.) అప్పుడు ఇలా అన్నాడు: “మౌలానా గారూ, మునిగిందని చెబితే మూడుంపావు. చెప్పకపోతే ఐదు. మీరు బీమా క్లెయిము చేయలేదు కాబట్టి ఏ రికార్డులోనూ లేదు. బెల్టులు మార్పిద్దాం, రెండు వేలు. ఆ ఎర్రదీపం వైరు ఇంకోదానికి కలిపితే తాళం తిప్పగానే వెలిగి ఆరిపోతుంది, ఎవరికీ తెలియదు.” మా బల్ల మీద నోటుపుస్తకం కనబడింది. పేజీలు తిప్పి సంతోషించాడు. “ఇది చూపిస్తే ఇంకో ఇరవై వేలు ఎక్కువే అడగొచ్చు.”

ఆ మాట దగ్గర మాకు కడుపులో తిప్పినట్లయింది. అయినా వెంటనే కాదనలేదు. ఇది వ్రాయడానికి సిగ్గుగా ఉంది. లక్షా డెబ్భై ఐదు వేల తేడా. ఒక పక్క ఆసుపత్రిలో ఉన్న బంధువు హక్కు. అప్పు తీర్చడం కూడా ధర్మమే కదా అని మనస్సు వాదించింది.

ఆ రాత్రి హిదాయా తీశాము. ఇరవై ఏడేళ్ళుగా విద్యార్థులకు చెబుతున్న అధ్యాయమే. వర్తకుల వాడుకలో ఏది ధర తగ్గిస్తుందో అదే లోపమని, అది దాగి ఉండి తరువాత బయటపడితే కొన్నవాడు వస్తువు తిరిగి ఇచ్చివేయవచ్చునని ఫిఖ్హ్ నియమం. దాని పక్కనే మరొకటి ఉంది. అన్ని లోపాలకూ తనకు బాధ్యత లేదని షరతు పెట్టి అమ్మితే, ఆ లోపాలను ఒక్కొక్కటిగా పేర్కొనకపోయినా మన హనఫీ మతంలో షరతు చెల్లుతుంది, ఇమామ్ షాఫిఈ గారు ఒప్పుకోలేదు. ‘ఉన్నది ఉన్నట్లుగా’ అని బజారులో వ్రాయించుకునే కాగితం ఇదే. మాకు ఒక తలుపు తెరచుకున్నట్లనిపించింది. రెండు రాత్రులు ఆ తలుపు దగ్గరే నిలబడ్డాము. ఖాజీ ముందు చెల్లడం వేరు, అల్లాహ్ ముందు జవాబు చెప్పడం వేరు అని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేది మేమే. తెలియని లోపం ఏదైనా ఉంటే ఉండవచ్చుననే వాడికి ఆ షరతు రక్షణ. ఎర్రదీపం తీగ మార్పించి, ఆ తరువాత ఆ షరతు వ్రాయించుకునేవాడికి అది ఏమవుతుంది?

మూడవ రోజు తరగతిలో హదీసు పాఠం. దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగలడం, వాన తడిపిందని యజమాని చెప్పడం, ఆ తడిసినదాన్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన అడగడం, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించడం సహీహ్ ముస్లింలో ఉన్న ప్రసిద్ధ సంఘటన. మా దగ్గర చదివే పిల్లల్లో సగం మంది డెల్టా రైతుకుటుంబాల వారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదని వారికి మాకంటే బాగా తెలుసు. ఒక కుర్రవాడు నవ్వి, “హజ్రత్, మిషను గుచ్చేది కూడా రాశి లోపలికే” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. మేము పుస్తకం మూసి, నీళ్ళు తాగివస్తామని బయటికి వెళ్ళాము.

ఆ సాయంత్రం ఖాళీ పేజీ నింపాము. 2024 సెప్టెంబరు 1 నుంచి నీటిలో ఉన్న రోజులు, స్టీరింగ్ అడుగు దాకా మునిగిన సంగతి, మార్చిన భాగాలు, మార్చని ఎయిర్‌బ్యాగు పెట్టె. కింద సంతకం. బ్రోకరుకు ఫోను చేసి చెబితే, తనకు రావలసిన కమీషను గురించి విచారించి, మా గురించి జాలిపడి, ఇక రానన్నాడు.

మొదట వచ్చిన ముగ్గురూ ఆ పేజీ చదివి వెళ్ళిపోయారు. వారిలో ఒకరు మన జమాఅతు వారే. ఇంత చెప్పే మనిషి చెప్పనిది ఇంకెంత ఉందోనని బయట అన్నారట. ఆ మాట బాధపెట్టింది. నాలుగవవారు గుడివాడ నుంచి వచ్చిన ఒక యువకుడు, వాహనాల వైరింగు పని చేస్తాడు. పేజీ రెండుసార్లు చదివి, బెల్టు లాగి గీత చూసి, మీటరు పక్కన ఎర్రదీపం చూసి, మూడు లక్షల పది వేలు అన్నాడు. పదిహేను పెంచమని అడిగాము, పెంచలేదు. ఇచ్చేశాము. ఎయిర్‌బ్యాగు పెట్టె మార్చేదాకా భార్యాబిడ్డలను ముందు సీటులో కూర్చోబెట్టవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాము. రెండవసారికి అతడు విసుక్కున్నాడు.

బావమరిదికి చేరవలసిన రెండు లక్షల నలభై వేలు అదే వారం చేరాయి. ఐదు వచ్చి ఉంటే ఆపరేషనుకు మరొక లక్షన్నర కూడా ఇవ్వగలిగేవాళ్ళము. దానికి వాళ్ళు ఇంట్లోని బంగారం అమ్మారు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అతడు ఇప్పుడు కోలుకున్నాడు, అల్‌హందులిల్లాహ్. మేము అతణ్ణి చూడడానికి బస్సులో బందరు వెళ్ళివస్తున్నాము.

ఆగస్టులో గుడివాడ నుంచి ఫోటో వచ్చింది. నోటుపుస్తకంలో మా సంతకం కింద అతని చేతివ్రాత. ఎయిర్‌బ్యాగు పెట్టె మార్చినట్లు, పని తానే చేసుకున్నందున ముప్పై ఒక్క వేలతో అయినట్లు. దాని వెంటనే ఒక వాయిస్ మెసేజి: “మౌలానా గారూ, వెనుక అద్దం వైపరు పనిచేయడం లేదు. ఇది మీరు రాయలేదు.”

నిజమే, వ్రాయలేదు. వెనుక వైపరు వేసి ఎన్నాళ్ళయిందో మాకే గుర్తు లేదు. మోటారు ఎంత అవుతుందని అడిగి ఆ రోజే తొమ్మిది వందలు పంపాము. అతడు వాటిని తిరిగి పంపాడు. మేము మళ్ళీ పంపాము.